పేరునకు గుర్తు

ఖరగ్‌పూరు పట్టణమున తాల్‌బగీచా అను పేట కలదు. వంగభాషలో తాల్ అనగా తాటిచెట్టు, బగీచా అనగా తోట. బెంగాల్-నాగపూర్ రైల్వే వాల్తేరు వరకు సాగిన నాటినుండి ఆ పట్టణమునకు తెలుగు కుటుంబములు చేరి తరతరములుగా నివసించుచున్నవి. అచటి తెలుగువారెవరును ఆ పేరును తాటితోట అని మార్చి వ్రాయరు. అర్థమును విడిచి పేరుగా నిలిచిన మాటను చదువరి గుర్తించుట యెట్లు? ఊరి పేరున ఈ చిక్కు స్వల్పము, గ్రంథనామమున అధికము.

ఆంగ్లమున వ్యక్తుల పేర్లకు, ఊళ్ళ పేర్లకు పెద్ద అక్షరము చాలును. పుస్తకములు, నాటకములు, పత్రికలు, ఓడలు మొదలగువాని పేర్లకు ఇటాలిక్ అనబడు ఏటవాలు అక్షరము వాడుదురు. చిన్న పద్యములకు, వ్యాసములకు ఉద్ధరణ చిహ్నములు పెట్టుదురు. బైబిలు, వేదములు వంటి పవిత్ర గ్రంథముల పేర్లను వాల్చరు. ఈ అక్షరము పుట్టినది పేర్ల కొరకు కాదు. 1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఏటవాలు అక్షరములతో వర్జిల్ కావ్యములను చేతిలో ఇముడు చిన్న పుస్తకముగా ముద్రించెను. అందు కావ్యభాగమంతయు ఆ అక్షరమే. నిలువు అక్షరముల నడుమ ఒక మాటను వేరుపరచి చూపుట తరువాత వచ్చిన వాడుక.

మన తాళపత్రములలో మాటకును మాటకును నడుమ ఎడము సైతము లేదు. కావ్యము పేరు ఆశ్వాసాంత గద్యమున కవి పేరుతో కలసి వచ్చెడిది. వాక్యము నడుమ 'అను', 'అనెడు' అను మాటలే పేరును పట్టి చూపెడివి. అచ్చు వచ్చినది. వంగదేశముననే, శ్రీరామపురమున, 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణము వెలువడినది. కాలక్రమమున ఉద్ధరణ చిహ్నములు తెలుగున కుదురుకొన్నవి, ఏటవాలు కుదురుకొనలేదు. తెలుగు అక్షరమునకు గుడి పైన, వత్తు క్రింద ఉండును. వాల్చినచో గుడి కుడికి, వత్తు ఎడమకు జరిగి కంటికి శ్రమ కలుగును. నేడు కంప్యూటరు ఏ అక్షరమునైనను క్షణములో వంచగలదు. చదువరి శ్రమ మాత్రము తగ్గలేదు.

అట్లని గుర్తే వలదనుట తగదు. 'కన్యాశుల్కము నశింపవలెను' అన్నచో ఆ దురాచారము నశింపవలెనని భావము. 'కన్యాశుల్కము నేటికిని నిలిచియున్నది' అన్నచో దురాచారమా, 1897లో అచ్చయిన గురజాడ నాటకమా? తెలుగు చదువరి సందర్భమును బట్టి ఊహించుకొనును. అనువాదము చదువు పరభాషీయునకు ఆ ఆధారము లేదు. రవీంద్రుని 'గోరా' విషయమున మన స్థితియు అదియే. 1910లో పుస్తకరూపమున వచ్చిన ఆ నవలకును, అందలి నాయకునకును పేరొక్కటే. 'గోరా మారినాడు', 'గోరా మార్చినది' అను వాక్యములలో క్రియ మనలను కాపాడును. 'గోరాలో సంఘర్షణ కలదు' అన్నచోట క్రియ కాపాడదు.

కావున అనువాదకుడు గ్రంథనామమునకు ఉద్ధరణ చిహ్నముంచి, తొలిసారి వచ్చినచోట 'అను నవల', 'అను నాటకము' అని చేర్చుట మేలు. వ్యక్తులకు, ఊళ్ళకు ఏ గుర్తును అక్కరలేదు. ఒక పుటలో పెట్టిన గుర్తును చివరి పుట వరకు మార్చకుండుట అన్నిటికంటె ముఖ్యము. గుర్తు మారినచోట చదువరి మరియొక గ్రంథమేమోయని భ్రమించును.