క్యాజువాలిటీ గుమ్మంలో అడగవలసిన ప్రశ్న

ఆసుపత్రులకు సంబంధించిన చరిత్ర ఏదైనా వ్రాయమని మన ప్రత్యేక సంచిక సంపాదకవర్గం వారు కోరారు. జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా, ఆ తరువాత హెడ్ నర్సుగా పనిచేశాను గనుక నాకు తెలిసిన ఆ గది గురించే వ్రాస్తున్నాను. దగ్గు, జ్వరంతో వచ్చిన రోగిని తక్కినవారిలో కలవకముందే గుర్తించి వేరుగా ఉంచే పద్ధతి ఎలా వచ్చిందో, దానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో మిత్రులకు మనవి చేయడమే నా ఉద్దేశం.

మా రోజుల్లో క్యాజువాలిటీలో ఒకటే సూత్రం: ప్రాణాపాయంలో ఉన్నవారిని ముందు చూడాలి. రోడ్డు ప్రమాదం, పాముకాటు, పురుగుమందు కేసు, గుండెనొప్పి వస్తే అందరూ అటే పరుగెత్తేవాళ్లం. దగ్గుతో వచ్చినవారు ఓ.పి. చీటీ పట్టుకుని బెంచీమీద కూర్చునేవారు. ఈ వరుసక్రమం యుద్ధభూమిలో పుట్టింది. నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు లారే, గాయపడినవారి హోదా చూడకుండా గాయం తీవ్రతనుబట్టి చికిత్స చేయాలన్నాడు. సూత్రం మంచిదే. కాని ఆ బెంచీమీద కూర్చున్నవారివల్ల పక్కవారికి ఏం జరుగుతుందన్నది అందులో లేదు. ఆ లోటు ఎంత పెద్దదో 2003లో సార్స్ వ్యాధి చూపించింది.

2002 నవంబరులో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో మొదలైన ఈ వ్యాధి, 2003 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లోని మెట్రోపోల్ హోటలులో దిగిన ఒక చైనా వైద్యుడి ద్వారా అక్కడ బసచేసిన ఇతరులకు సోకింది. వారు తమ తమ ఊళ్లకు వెళ్లిపోయారు. వారిలో ఇద్దరి కారణంగా కెనడాలోని రెండు నగరాల్లో, ఒకే రోజున, రెండు అత్యవసర విభాగాల ముందుకు ఈ వ్యాధి వచ్చింది. ఆ రోజు మార్చి 7.

వాంకూవర్ జనరల్ ఆసుపత్రికి ఒక నడివయసు వ్యక్తి జ్వరంతో, ఆయాసంతో వచ్చాడు. హాంకాంగ్ వెళ్లి వచ్చాడని తెలిసింది. ఆ ప్రాంతంలో జ్వరాల విషయమై జాగ్రత్తగా ఉండాలని రాష్ట్ర అంటువ్యాధుల కేంద్రం ఫిబ్రవరిలోనే హెచ్చరికలు పంపి ఉంది. సిబ్బంది కొద్ది నిమిషాల్లోనే అతణ్ణి వేరు గదిలోకి మార్చి, మాస్కులు ధరించి వైద్యం చేశారు. అతని నుంచి ఆ ఆసుపత్రిలో ఒక్కరికీ వ్యాధి అంటలేదు.

అదే రోజు టొరాంటోలో స్కార్‌బరో గ్రేస్ ఆసుపత్రికి మరొకతను వచ్చాడు. అతను హాంకాంగ్ వెళ్లలేదు. వెళ్లి వచ్చింది అతని తల్లి. ఆమె రెండు రోజుల క్రితమే ఇంట్లో మరణించింది. వార్డులో మంచం ఖాళీ లేక అతను మర్నాటిదాకా అత్యవసర విభాగంలోనే ఉండిపోయాడు. తరువాత క్షయ అనుమానంతో వేరుచేశారు గాని అప్పటికే ఆలస్యమైంది. మధ్యలో ఒక తెర మాత్రమే అడ్డుగా ఉన్న పక్క మంచంమీద, గుండె దడతో వచ్చిన 76 ఏళ్ల పెద్దాయన ఉన్నారు. ఆయనకు సోకింది. ఇంటికి వెళ్లి, కొద్దిరోజులకు జ్వరంతో తిరిగి వచ్చారు. ఆయనకు తోడుగా వచ్చిన భార్యకు కూడా అప్పటికే వ్యాధి ఉంది. ఆమెను ఎవరూ రోగిగా చూడలేదు. ఆమె నుంచి సిబ్బందికి, వేచి ఉన్న ఇతరులకు పాకింది. దంపతులిద్దరూ చనిపోయారు. మార్చి 23న ఆ అత్యవసర విభాగాన్నే మూసివేయవలసి వచ్చింది. కెనడాలో మొత్తం 44 మంది మరణించారు. ప్రపంచంలో 8,096 మందికి సోకగా 774 మంది కన్నుమూశారు.

టొరాంటో నర్సులు పనిలో తక్కువవారని నేను అనను. వాంకూవర్ వారికి ముందుగా హెచ్చరిక అందింది. పైగా అక్కడ ప్రయాణం చేసినవాడే రోగి. టొరాంటోలో అడగవలసిన ప్రశ్న "మీరు ఎక్కడికి వెళ్లారు" కాదు, "మీ ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది, వారెక్కడికి వెళ్లారు" అన్నది.

ఈ అనుభవం తరువాత అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం దగ్గు మర్యాద అనే పద్ధతిని ప్రచారం చేసి, 2007లో అన్ని ఆసుపత్రులూ పాటించవలసిన సాధారణ జాగ్రత్తల్లో చేర్చింది. గుమ్మం దగ్గరే బోర్డు పెట్టడం, దగ్గేవారికి మాస్కు ఇవ్వడం, మూడడుగుల ఎడంగా కూర్చోబెట్టడం ఇందులో ముఖ్యమైనవి. మన దేశంలో కూడా 2010లో, ముఖ్యంగా క్షయను దృష్టిలో ఉంచుకుని, దగ్గేవారిని వేరు వరుసలో పెట్టి త్వరగా చూసి పంపాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

అయినా 2015లో దక్షిణ కొరియాలో ఇదే కథ మళ్లీ జరిగింది. మెర్స్ సోకిన ఒక యువకుడు సియోల్‌లోని శాంసంగ్ వైద్యకేంద్రం అత్యవసర విభాగంలో మే 27 నుంచి 29 వరకు ఉన్నాడు. అతను కూడా విదేశం వెళ్లలేదు. అంతకుముందు చేరిన మరో ఆసుపత్రిలో, గల్ఫ్ నుంచి వచ్చిన రోగి ద్వారా అంటించుకున్నాడు. అతని నుంచి 82 మందికి సోకింది. వారిలో 41 మంది రోగులకు తోడుగా వచ్చినవారూ చూడవచ్చినవారూ. ఒక్క రోగి వెంట నలుగురు బంధువులు వచ్చే మన ఆసుపత్రులను తలచుకుంటే ఈ లెక్క నాకు గుండె గుభేలుమనిపిస్తుంది. అక్కడ ఆ తరువాత అత్యవసర విభాగంలోకి వెళ్లకముందే పరీక్షించే ఏర్పాటు, తోడు వచ్చేవారి సంఖ్యకు పరిమితి వచ్చాయి.

2020లో కోవిడ్ ఈ పద్ధతికున్న హద్దును కూడా చూపింది. లక్షణాలు లేనివారు సైతం వ్యాధిని వ్యాపింపజేస్తారు గనుక, ప్రశ్నలు, జ్వరం కొలిచే యంత్రం ఉంటే సరిపోలేదు. అందరికీ మాస్కు, గాలి వెలుతురు కూడా కావలసి వచ్చాయి. అంతమాత్రాన గుమ్మంలో అడగడం దండగ అనుకోరాదు. ఒక్క రోగిని పట్టుకోగలిగినా పక్క మంచం బతుకుతుంది.

మిత్రులారా, ఉద్యోగంలో ఉన్నప్పుడు మనం కౌంటరుకు ఇవతల ఉన్నాం. ఇప్పుడు బి.పి.కో, గుండెదడకో మనమే ఆ పక్క మంచంమీద పడుకునే వయసులో ఉన్నాం. అందువల్ల నా విన్నపాలు మూడు. దగ్గు, జ్వరంతో ఆసుపత్రికి వెళితే చీటీ వ్రాసేవారికి ఆ మాట ముందే చెప్పండి; ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా, ఈమధ్య వేరే ఆసుపత్రిలో ఉండి వచ్చినా దాచకండి. జేబులో ఒక మాస్కు ఉంచుకోండి. తోడుగా ఒక్కరినే, ఆరోగ్యంగా ఉన్నవారినే తీసుకువెళ్లండి. గుమ్మంలో ఎవరైనా నర్సమ్మ నాలుగు ప్రశ్నలు అడిగితే విసుక్కోక జవాబివ్వండి. ఆమె అడుగుతున్నది లోపల పడుకున్నవారి కోసం.