కామాఠీపుర చాళ్లు – భూకంపము – ఉపభవనముల ప్రాధాన్యము

బొంబాయి దీవుల నడుమ సముద్రపు పోటు చొరకుండ నిర్మించిన హార్న్‌బీ వెల్లార్డు అను అడ్డుకట్ట 1784 ప్రాంతమున పూర్తియైనది. అటుపిమ్మట ఆరిన పల్లపు నేలలలో తెలుగునాటి నుండి వలసవచ్చిన కట్టుబడి కూలీలు కాపురముండిరి. వారిని కామాఠీలనిరి, ఆ పేరే పేటకు నిలిచినది. 1893లో పూర్తియైన మునిసిపల్ కార్పొరేషను భవనమునకు గుత్తేదారైన వ్యంకూ బాళాజీ కాలేవార్ తెలుగువాడే. నగరమును కట్టిన ఈ జనము నివసించు చాళ్లకును, ఆపదలో వారు చేరవలసిన ఆసుపత్రులకును భూకంపమున నెట్టి రక్షణ గలదో విచారింపదగును.

భూకంపనిరోధక నిర్మాణమునకు సంబంధించిన భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 1893 మొదట 1962లో వెలువడెను. 1967 డిసెంబరు 11న కోయనలో పుట్టిన భూకంపము బొంబాయి వఱకు తెలిసినది. 1970 సవరణమున దేశపు భూకంప మండలముల పటము మాఱెను. 2002 సవరణము బొంబాయిని మూడవ మండలమున నుంచి 0.16 అను గుణకమును నిర్ణయించెను. ఇదిగాక ప్రతి కట్టడమునకు ప్రాధాన్య గుణకము వేఱుగా గలదు. ఆసుపత్రులు, పాఠశాలలు, విద్యుత్కేంద్రములు మున్నగువానికి 1.5, సామాన్య గృహములకు 1. 200 మందికి మించి జనముండు నివాసములకు 2016లో 1.2 విధింపబడెను. అయినను, ఇవి క్రొత్తగా కట్టువానికి వ్రాసిన నియమములు. ఇటుక గోడలపైనను కొయ్య దూలములపైనను నిలిచిన పాత చాళ్లు వీనివలన దృఢములు కానేరవు.

ఇక ఆసుపత్రి ఆవరణలోని పంపుగది, జనరేటరుగది వంటి ఉపభవనముల నే శ్రేణిలో చేర్చవలెను? అందు మనుష్యులుండరు గావున సామాన్యములని తలచుట సులభము. అమెరికాలో లాసేంజెలిసు సమీపమునగల ఆలివ్ వ్యూ ఆసుపత్రి చరిత్ర ఈ తలంపును ఖండించుచున్నది. 1971 భూకంపమున ఆ ఆసుపత్రి పనికిరాకుండ దెబ్బతినగా, మిక్కిలి దృఢముగా మరల కట్టిరి. 1994 భూకంపమున గోడలు నిలిచినవి. కాని నీటిగొట్టములు పగిలి, రోగులను వేఱుచోటికి తరలింపవలసివచ్చెను. ఆసుపత్రి పని సాగుటకు అవసరమైన కట్టడమును ఆసుపత్రి శ్రేణిలోనే చేర్చవలెనని అమెరికా ప్రమాణము చెప్పుచున్నది.

ఈ న్యాయము చాళ్లవారికి క్రొత్తది కాదు. ఉమ్మడి కుళాయి ఆగిననాడు చాళీ యంతయు ఆగుట వారెఱిగినదే. కామాఠీపురకు చేరువనే 1845 నుండి జె.జె. ఆసుపత్రి యున్నది. అట్టి ఆసుపత్రులకు నీరును విద్యుత్తును అందించు గదిని, దాని వైశాల్యమును బట్టి గాక, అది కూలిననాడు నిలిచిపోవు వైద్యమును బట్టి తూచవలెను.