మాలదాసరి గడప ఎందుకు దాటలేదు?

"మతం మత్తుమందు" అని మార్క్స్ అన్నాడని మనవాళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ మాట అచ్చయింది 1844లో. అప్పటి యూరప్‌లో నల్లమందు వ్యసనం మాత్రమే కాదు, నొప్పికి మందు కూడా. డాక్టర్లే రాసిచ్చేవాళ్లు, మందుల షాపుల్లో అమ్మేవాళ్లు. పీడితుల బాధ మతంలోంచే పలుకుతుందని కూడా మార్క్స్ అక్కడే రాశాడు. వేదికల మీద ఆ సగం వదిలేసి, మిగతా సగంతో భజనకు పోయే మన అమ్మల్ని వెక్కిరించడం కొందరికి అలవాటైంది. నేను అడిగేది వేరు. గాయం చేసిందెవరు, మందు పోస్తున్నదెవరు?

రాజేంద్రనగర్ నుంచి ఎయిర్‌పోర్టు వైపు పోతే శంషాబాద్ మండలంలో ముచ్చింతల్ వస్తుంది. అక్కడ 216 అడుగుల రామానుజుడు కూర్చుని ఉన్నాడు. పేరు సమతామూర్తి. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని మోదీ ఆవిష్కరించారు. లోపల 120 కిలోల బంగారు విగ్రహం ఇంకొకటి ఉంది. రామానుజుడు 120 ఏళ్లు బతికాడని సంప్రదాయం చెబుతుంది, అదీ లెక్క. దాన్ని ఆవిష్కరించింది అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్. దళిత రాష్ట్రపతి, బంగారు సమత. ఫొటో ఎంత బాగా కుదిరిందో!

రామానుజుణ్ణి నేను తీసిపారేయను. రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని గోపురమెక్కి అందరికీ వినిపించాడన్న కథ వెయ్యేళ్ల కిందటి మనిషికి చిన్న సాహసం కాదు. మేల్కోటలో అంటరానివాళ్లకు తిరుక్కులత్తార్ అని గౌరవమైన పేరు పెట్టి గుళ్లోకి రానిచ్చాడంటారు. అయితే ఏడాది పొడుగునా కాదు, ఉత్సవాలప్పుడు కొన్ని రోజులు.

ముచ్చింతల్‌లో విగ్రహం చుట్టూ 108 దివ్యదేశాల నమూనా గుళ్లు కట్టారు. ఆ 108లో కురుంగుడి ఒకటి. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లకు ఆ ఊరు గుర్తుండాలి. కృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'లో మాలదాసరి తెల్లవారకముందే నడిచొచ్చి పాడేది ఆ గుడి బయటే. ఒక రాత్రి దారి తప్పి బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కుతాడు. దేవుడికి పాట పాడి తిరిగొస్తానని మాటిచ్చి వెళ్తాడు. పాడి, తినేయమని నిజంగానే తిరిగొస్తాడు. చివరికి రాక్షసుడే ఆయన కాళ్ల మీద పడి పాట ఫలం ఇమ్మంటాడు. ఆ ఫలంతో, ఒకప్పుడు బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడికి శాపం తీరుతుంది. మరి మాలదాసరికి? ఆయన మాలదాసరిగానే ఉంటాడు. బ్రాహ్మణుణ్ణి రాక్షస జన్మ నుంచి లేపిన పాట, పాడినవాణ్ణి గడప దాటించలేదు.

దీన్ని క్లాసుల్లో కుల సమానత్వానికి ఉదాహరణగా చెప్తుంటారు. పిల్లలు పరీక్షల్లో అదే రాస్తారు, మార్కులూ పడతాయి. నాకు మాత్రం మోతాదు బాగా తెలిసిన రాజుగారి చీటీలా కనిపిస్తుంది.

ఇవాళ టికెట్ కొంటే మాలదాసరి మనవడు ముచ్చింతల్ అంతా తిరగొచ్చు. ఆ హక్కు పాట వల్ల రాలేదు. గుళ్ల ముందు, చెరువుల దగ్గర దెబ్బలు తిన్నవాళ్ల వల్ల, రాజ్యాంగం 17వ అధికరణ వల్ల వచ్చింది.

అంబేద్కర్ 'కులనిర్మూలన'పై గాంధీకి జవాబిస్తూ ఈ ముడి విప్పాడు. సాధుసంతులు దేవుడి ముందు అందరూ సమానమన్నారు, అది ఎవరికీ నష్టం లేని మాట. మనిషి ముందు మనిషి సమానమని కులం మీద పోరాడలేదన్నాడు. అలాగని మతమే వద్దనీ అనలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధంలోకి నడిచాడు. నొప్పి ఉన్నవాళ్లకు ఏదో ఒకటి కావాలని ఆయనకు తెలుసు. కానీ వాళ్లను బయట నిలబెట్టిన చేతి నుంచే మందు తీసుకోవద్దన్నాడు.

హుస్సేన్ సాగర్ దగ్గర ఆయన 125 అడుగుల విగ్రహం 2023 ఏప్రిల్ 14న లేచింది. నాకూ గర్వమే. అయితే రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించిందీ ఆయనే. జయంతి రోజు మన వాడల్లో ఆయన విగ్రహానికి కొబ్బరికాయ కొట్టే తమ్ముళ్లకు ఈ మాట గుర్తుచేస్తే, "సార్, మీరు కూడానా?" అంటున్నారు.

వచ్చే భాగంలో మన హైదరాబాద్ భాగ్యరెడ్డి వర్మ, 1917 బెజవాడ సభ.