ఎండకు మారే రంగులు

ఉతుకుకూ ఎండకూ నిలిచే దానిని పక్కా రంగనీ, వెలిసిపోయే దానిని కచ్చా రంగనీ వ్యవహరించే అద్దకపు వృత్తిలో సూర్యుడిది చాలాకాలం పరీక్షకుని పాత్ర. మచిలీపట్నం పరిసరాలలో కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ నానిన బట్ట మీద పటిక నీటితో అచ్చు వేసి, చిరివేరుతో ఉడికిస్తే బట్టంతా ఎరుపెక్కేది; దానిని ఇసుక మీద పరచి, నీళ్లు చల్లుతూ ఎండబెట్టినప్పుడు, రంగును నూలుకు బిగించే పటిక ఉన్న చోట ఎరుపు నిలిచి తక్కిన భాగం క్రమంగా తెల్లబడేది. 17, 18 శతాబ్దాలలో ఈ సరుకుకు ఐరోపాలో పుట్టిన గిరాకీకి ఆ పక్కాతనం ఒక ముఖ్య కారణం. వెలుతురు తగలగానే రంగు మార్చే వస్త్రాలను ఇటీవలి దశాబ్దాలలో రూపొందించిన వారికి కావలసివచ్చింది మాత్రం సరిగ్గా దీనికి విరుద్ధమైన గుణం. అద్దకందారు లోపమని తోసిపుచ్చిన కచ్చాతనమే వారికి ముడిసరుకయింది.

ఈ మలుపుకు పూర్వరంగం 1685లో కనిపిస్తుంది. బ్రిస్టల్‌కు చెందిన విలియం కోల్ సముద్రపు నత్త గుల్లను పగలగొట్టి, అందులోని తెల్లటి ద్రవంతో నారబట్ట మీద గుర్తులు పెట్టి ఎండలో ఉంచగా, అవి లేత ఆకుపచ్చగా, ముదురు ఆకుపచ్చగా, నీలంగా, ఆపైన ఊదా ఎరుపుగా మారాయని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు. బట్ట మీద వెలుతురే రంగును పుట్టించిన ఈ వర్ణనను ఫోటోగ్రఫీ చరిత్రకారులు కూడా తమ శాస్త్రానికి తొలి మెట్లలో ఒకటిగా లెక్కించవచ్చు. అయితే మార్పు ఒక్కసారితో ముగిసేది. ఊదా ఎరుపు మళ్లీ వెనక్కి పోయేది కాదు.

1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న సయనోటైప్, అనగా ఇనుప లవణాలు పూసిన తలం మీద వెలుతురు సోకిన మేర ముదురు నీలం ఏర్పడే ముద్రణ పద్ధతి, ముందు కాగితానికి ఉద్దేశించినదే అయినా, కాలక్రమంలో దిండు గలీబులకూ బొంతలకూ ఎక్కింది. సబ్బు, సోడా వంటి క్షారాలకు ఆ నీలం పాడయ్యేది కనుక ఉతికి కట్టుకునే బట్టకు అది అంతగా పనికిరాలేదు. కానీ దానిలో మరొక విశేషం ఉంది: తీవ్రమైన వెలుతురుకు వెలిసిన సయనోటైప్‌ను గాలి తగిలేలా చీకటిలో ఉంచితే పోయిన నీలం చాలావరకు తిరిగివస్తుంది.

బట్ట కోసమే ఆలోచించిన తొలి పద్ధతులలో ప్రిమ్యులిన్ ముద్రణ ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఆర్థర్ గ్రీన్ 1887లో కనుగొన్న ప్రిమ్యులిన్ అనే పసుపు రంగును నూలు నేరుగా పట్టుకుంటుంది. ఆ బట్టను సోడియం నైట్రైట్, ఆమ్లం కలిపిన నీటిలో ముంచితే, మరొక రసాయనంతో జతకూడి కొత్త రంగు కాగల డయాజో సమ్మేళనం నూలు పోగులోనే తయారవుతుంది. ఈ సమ్మేళనం వెలుతురుకు నశిస్తుందని గ్రహించిన గ్రీన్, చార్లెస్ క్రాస్, ఎడ్వర్డ్ బెవన్ 1890లో ఆ బలహీనతనే ముద్రణ సాధనంగా మలిచారు. బట్ట మీద ఆకునో చిత్రమున్న పారదర్శక పలకనో పెట్టి ఎండ చూపించి, తరవాత బీటా నాఫ్తాల్ ద్రావణంలో ముంచితే నీడ పడిన చోట ఎరుపు తేలేది, ఎండ సోకిన చోట కొత్త రంగు పుట్టేది కాదు; రిసార్సినాల్ వాడితే ఎరుపుకు బదులు నారింజ వచ్చేది. రంగు చెడిపోవడాన్నే రూపకల్పనగా మార్చిన ఈ ముగ్గురిలో క్రాస్, బెవన్‌లు మరి రెండేళ్లకే క్లేటన్ బీడిల్‌తో కలిసి విస్కోస్‌కు పేటెంటు పొందారు. ఆ కృత్రిమ నారకు దక్కిన ప్రఖ్యాతిలో ప్రిమ్యులిన్ దాదాపు మరుగున పడింది.

ముందుకూ వెనక్కూ మారే రంగు వేరే దారిలో వచ్చింది. టెట్రాసీన్ అనే పదార్థపు నారింజ ద్రావణం పగటి వెలుతురులో రంగు కోల్పోయి చీకటిలో తిరిగి పొందుతుందని 1867లో ఫ్రిట్జ్‌షె నమోదు చేశాడు. ఇటువంటి మార్పుకు ఫోటోక్రోమిజం అన్న పేరును 1950లో యెహుదా హిర్ష్‌బర్గ్ ప్రతిపాదించాడు. స్పైరోపైరాన్ వర్గపు అణువులలో అతినీలలోహిత కిరణాలకు ఒక బంధం తెగి, మడత పడిన అణువు చదునై రంగు తేలుతుంది. ఆ కిరణాలు ఆగితే మళ్లీ ముడుచుకొని వివర్ణమవుతుంది. ఇటువంటి సున్నితమైన రసాయనాలను బట్ట మీదికి చేర్చడానికి సూక్ష్మ గుళికలు అక్కరకొచ్చాయి. కార్బన్ పెట్టకుండా నకలు తీసే కాగితాల కోసం 1950 దశకంలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన ఆ గుళికలలో రంగును బంధించి, సిరాలో కలిపి, మామూలు స్క్రీన్ ప్రింటింగ్‌తోనే అద్దవచ్చు.

1991లో అమెరికాలో ఒక్క ఊపున అమ్ముడై త్వరలోనే చల్లబడిన హైపర్‌కలర్ చొక్కాలు వెలుతురుకు కాక ఒంటి వేడికి రంగు మార్చేవి. వేడినీటి ఉతుకుకూ ఇస్త్రీకీ వాటి మాయ చెడిపోయేది. అదే దశకంలో ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో రెమి పోస్ట్, మ్యాగీ ఆర్త్ రసాయనాన్ని వదిలి విద్యుత్తును ఆశ్రయించారు. వారి 1997 నాటి పత్రంలో సర్క్యూటు తీగలుగా పనిచేసినది, భారతదేశంలో చాలాకాలంగా నేస్తున్న, పట్టు దారానికి సన్నని లోహపు రేకు చుట్టిన ఆర్గంజా బట్ట. ఒక దిశలో లోహపు దారం, మరో దిశలో ఉత్త పట్టు ఉండటం వల్ల విద్యుత్తు ఒకవైపే ప్రవహించేది; సింగారానికి నేసిన జరీకి ఈ ఉపయోగం నేతగాళ్లు ఊహించనిదే.

వెలుతురుకు రంగు మార్చే వస్త్రాలకు ప్రదర్శనశాలలలో లభించిన ఆదరణ బజారులో లభించకపోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. ఫోటోక్రోమిక్ అణువు మడత విప్పిన ప్రతిసారీ కొంత భాగం ఆక్సిజన్‌తో చర్య జరిపి శాశ్వతంగా దెబ్బతింటుంది. స్థిరకారకాలు, అంటే ఆ నష్టాన్ని నెమ్మదింపజేసే రసాయనాలు, కలిపినా అలసట పూర్తిగా ఆగదు కనుక, ఈ రంగు తన పనివల్లనే అరిగిపోతుంది. బట్టల రంగు నిలకడకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన 105 శ్రేణి పరీక్షలలో బీ05 ఫోటోక్రోమిజానికి సంబంధించినది. కొద్దిసేపు వెలుతురు చూపితే మారి, చీకటిలో ఉంచితే కోలుకునే రంగును పట్టుకొని, ఆ మార్పు ఎంతో అంచనా కట్టడం దాని పని. రంగు నిలకడను కొలిచే ఆ వరుసలో ఈ గుణం నేటికీ నమోదవుతున్నది ఒక దోషంగానే.