పానిపట్టున తెలంగా ఫిరంగులు

కామాఠిపురా చాళ్లలో పుట్టి పెరిగిన మనకు, మరాఠీ ఇరుగుపొరుగు వారి నోట 'పానిపట్టయింది' అనే మాట కొత్త కాదు. సర్వనాశనమైనదని దాని భావము. 1761 జనవరి 14న పానిపట్టు వద్ద అహ్మద్ షా అబ్దాలీ చేతిలో మరాఠా సైన్యము ఓడినది. ఆ కథలో మన పేరు కూడ ఉన్నదని మనలో చాలమంది ఎరుగరు.

ఆనాడు మరాఠాల ఫిరంగులకు అధిపతి ఇబ్రహీం ఖాన్ గార్దీ. బొబ్బిలి కథలో మనమెరిగిన ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదులో ఉన్న కాలమున, అతని వద్ద ఐరోపా పద్ధతి కవాతు, ఫిరంగి విద్య నేర్చినాడు. మొదట నిజాము కొలువు చేసి, పిదప సదాశివరావు భావు వద్ద చేరినాడు. 1760 ఫిబ్రవరిలో ఉద్గీరు వద్ద నిజాము సేన ఓడుటకు అతని ఫిరంగులు ముఖ్య కారణము.

ఇటువంటి కవాతు సిపాయిలకు ఉత్తరాదిని 'తెలంగాలు' అని పేరు. 1857లో కూడ ఢిల్లీ ప్రజలు కంపెనీ సిపాయిలను అట్లే పిలిచినారు. ఆ పేరు పొందినవారందరు తెలుగువారు కారు. కాని పేరు మాత్రము మన సీమనుండి పోయినదే.

యుద్ధమును కండ్లార చూచిన కాశీరాజు ఒక సంగతి వ్రాసినాడు. తన సిపాయిలకు నెలనెలా జీతము ముట్టవలెనని ఇబ్రహీం ఖాన్ పట్టుపట్టేవాడు. అది భావుకు నచ్చేది కాదు. ఆ నెల జీతము అందనే లేదు. అయినను యుద్ధము నాటి ఉదయము అతడు భావు ఎదుటికి వచ్చి, జీతము మాట అటుంచి నేడు మా ధర్మము మేము నెరవేర్చెదమని చెప్పి పోయినాడు. రోహిల్లాలపై విరుచుకుపడినాడు. అతని తొమ్మిది పటాలములలో ఆరు దాదాపు నశించినవి. తాను గాయపడి పట్టుబడి, కొద్ది దినములకే చెరలో మరణించినాడు.

కూలి గట్టిగా అడుగుట, పని గట్టిగా చేయుట ఒకే మనిషికి చెల్లునని ఆ సేనాని చూపినాడు. రాళ్లు మోసి, గోడలు లేపి బొంబాయిని కట్టిన మన కామాఠీ పెద్దలకు ఇది తెలియని నీతి కాదు. సేనాని పేరు చరిత్రలో నిలిచినది. సిపాయిల పేర్లు నిలువలేదు. మన పెద్దల పేర్లు కూడ ఏ శిలాఫలకము మీదను లేవు. వారు ఏ ఊరినుండి, ఏ పనికి వచ్చిరో ఈ ఉగాదినాడైనను ఇంటి ముసలివారిని అడిగి వ్రాసి ఉంచుకొందము.