నంబరు లేని డప్పు

తాండవ నదికి ఇవతలి ఒడ్డున పాయకరావుపేట, అవతలి ఒడ్డున తుని. వంతెన దాటితే జిల్లా మారిపోతుంది, ఇటు అనకాపల్లి, అటు కాకినాడ. పాటల పార్టీలకు మాత్రం రెండూ ఒకటే ఊరు. తలుపులమ్మ లోవ వైపు మొక్కుబడి భోజనాలైనా, చవితి పందిరైనా, పెళ్ళి రిసెప్షనైనా, క్రిస్మస్ కూడికైనా స్టేజీ మీద కీబోర్డు పక్కన ఒక నల్లటి పెట్టె తప్పకుండా కనిపిస్తుంది. దాని మీద తొమ్మిది రబ్బరు గడులు. పుల్లలతో కొడితే ఒక గడి డోలక్‌లా, ఇంకో గడి డప్పులా మోగుతుంది, మూడోది చప్పట్లు కొడుతుంది. రోలాండ్ కంపెనీ తయారుచేసిన ఎస్పీడీ-ఎస్ఎక్స్ అది. వాయించేవాళ్ళు ఆ పెట్టెనూ, దాని మీది ఒక్కో గడినీ ప్యాడ్ అనే అంటారు.

చేతి పనితనం స్టేజీ మీద కనిపిస్తుంది గానీ అసలు పని ముందు రోజు ఇంట్లో ల్యాప్‌టాప్ దగ్గరే అయిపోతుంది. పెట్టెను యూఎస్బీ తీగతో కలిపి వేవ్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రాం తెరుస్తారు. తెర మీద శాంపిళ్ళు, అంటే రికార్డు చేసి ముక్కలుగా పెట్టుకున్న ధ్వనులు, బారుగా ఉంటాయి. కిట్లూ, అంటే గడులన్నిటికీ కలిపి పెట్టుకున్న ధ్వనుల కూర్పులూ, ప్యాడ్లూ కూడా కనిపిస్తాయి. కావలసిన ధ్వనిని మౌస్‌తో పట్టుకుని కావలసిన ప్యాడ్ మీద వదలాలి. ఈ మోడల్‌లో 100 కిట్లు పడతాయి, ఒక్కో కిట్‌కు 9 ప్యాడ్లు. అంటే 900 గడులు. వాటిని నింపడానికి పదివేల ధ్వనుల దాకా దాచుకోవచ్చు. ఏ పాటకు ఏ కిట్, ఏ గడిలో ఏ దెబ్బ అన్న జాబితా సరిగ్గా లేకపోతే, పల్లవిలో డోలక్ రావలసిన చోట పోలీసు సైరన్ మోగుతుంది. జనం నవ్వుతారు, పాడేవాడు వెనక్కి తిరిగి చూస్తాడు.

ఈ జాబితా పుట్టిన కాలానికి కంప్యూటర్‌తో పనే లేదు. అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ అనే ఆయన 1940ల చివర్లో టేపుల మీద రికార్డు చేసిన వాయిద్యాలను మెట్లతో మోగించే యంత్రం కట్టాడు. ఆ ఊహనే పట్టుకుని ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వాళ్ళు 1963లో మెలోట్రాన్ చేశారు. ఒక్కో మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుంది. నొక్కితే సుమారు 8 సెకన్లు మోగుతుంది, వదిలితే స్ప్రింగు దాన్ని మొదటికి లాగేస్తుంది. తర్వాత వచ్చిన ఎం400 మోడల్‌లో 35 మెట్లుండేవి. ధ్వనులు మార్చాలంటే టేపులున్న చట్రం మొత్తం ఊడదీసి వేరే చట్రం బిగించాలి. ఆ రోజుల్లో శాంపిళ్ళ జాబితా అంటే చట్రం మీద అంటించిన చీటీయే.

చీటీ పోయి తెర వచ్చింది 1979లో. ఆస్ట్రేలియాలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు కుర్రాళ్ళు సిడ్నీలో ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాయిద్యం తయారుచేశారు. బయటి ధ్వనిని అంకెలుగా మార్చి దాచుకుని, ఏ శ్రుతిలో కావాలంటే ఆ శ్రుతిలో మోగించేది. దాని ధరతో అప్పట్లో ఇల్లు కొనుక్కోవచ్చు. ఎనిమిది అంగుళాల ఫ్లాపీల్లో ధ్వనులు, ఆకుపచ్చ తెర మీద వాటి పేర్లు. మెమరీ అతి తక్కువ, పేర్లు కూడా పొట్టివే. అలాంటి పేర్లలో ఒకటి ఆర్క్5.

ఈ ఆర్క్5 దగ్గర కాస్త ఆగాలి. స్ట్రావిన్‌స్కీ 1910లో కూర్చిన ఫైర్‌బర్డ్ బ్యాలే రికార్డు నుంచి డేవిడ్ వోర్‌హౌస్ అనే సంగీతకారుడు ఒక్క దెబ్బను, ఆర్కెస్ట్రా అంతా ఒకేసారి విరుచుకుపడే క్షణాన్ని, కత్తిరించి ఫెయిర్‌లైట్ ఫ్లాపీలో పెట్టాడు. 1982లో న్యూయార్క్ హిప్‌హాప్ వాళ్ళు ప్లానెట్ రాక్ అనే పాటలో దాన్ని వాడారు. అంతే, ఆ దెబ్బ ప్రపంచమంతా పాకిపోయింది. మన సినిమా పాటల్లో హీరో కాలు నేలకు తాకగానే ‘ఢాం’ అని పడే దెబ్బ కూడా ఆ వంశానిదే. ఫ్లాపీలో మాత్రం దాన్ని వాయించిన ఆర్కెస్ట్రా పేరు లేదు, నడిపించిన కండక్టర్ పేరూ లేదు. ఉన్నది నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ ఒక అంకె.

ధర దిగడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1981లో ఈ-మ్యూ కంపెనీ ఎమ్యులేటర్, 1980ల నడుమ ఎన్సోనిక్ మిరాజ్, 1986లో ఆకాయ్ ఎస్900. ధ్వనులు ఫ్లాపీల కొద్దీ పోగుపడ్డాయి. వాయిద్యం మీదున్న చిన్న తెరలో వాటిని వెతకడం నరకం. కంప్యూటర్ సాయం అప్పుడే అవసరపడింది. కాలిఫోర్నియాలో పీటర్ గాట్చర్, ఇవాన్ బ్రూక్స్ అనే మిత్రులు మొదట డ్రమ్ము ధ్వనులను చిప్పుల్లోకి ఎక్కించి అమ్మేవారు. చిప్పు ఊడదీసి ఇంకోటి గుచ్చితే డ్రమ్ము మారుతుంది. ఆ పనిలో తమ సౌకర్యం కోసం రాసుకున్న ప్రోగ్రాంనే 1985లో సౌండ్ డిజైనర్ పేరుతో మెకింటాష్ మీదకు తెచ్చారు. ఎమ్యులేటర్‌లోని శాంపిల్‌ను తెర మీద గీతలా చూసి, కత్తిరించి, పేరు పెట్టి తిరిగి పంపొచ్చు. ఆ చిన్న పనిముట్టే పెరిగి పెద్దదై 1991లో ప్రోటూల్స్ అయింది. చెన్నైలో, హైదరాబాదులో చాలా పెద్ద స్టూడియోల్లో ఇప్పుడు అదే.

‘తిరిగి పంపొచ్చు’ అని తేలిగ్గా రాశాను గానీ, ఆ పంపడం ఎలా ఉండేదో చెప్పాలి. వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో సెకనుకు 31,250 బిట్లే నడుస్తాయి. ఆ తీగ మీదే శాంపిళ్ళు పంపుకునే నిబంధన కూడా తర్వాత తయారైంది. లెక్క వేసి చూడండి. సీడీ నాణ్యతలో ఒక్క సెకను ధ్వనిలో, ఒక్కో ఛానల్‌కు, 44,100 అంకెలుంటాయి. ఒక్కో అంకె ఆ తీగలో పోవడానికి మూడు బైట్లు కావాలి. తీగ మోయగలిగింది సెకనుకు 3,125 బైట్లు. అంటే ఒక్క సెకను డోలు దెబ్బ అవతలికి చేరడానికి ముప్పావు నిమిషం. ఒక కిట్ నింపేలోపు టీ తాగి రావచ్చు. అందుకే అప్పటివాళ్ళు ధ్వనిని కదపకుండా దాని నంబరును మాత్రమే పంపేవారు. ఫలానా నంబరు వాయించు అంటే అవతలి పెట్టె తన దగ్గరున్నది వాయిస్తుంది.

చిక్కల్లా ఆ నంబర్లతోనే వచ్చింది. ఒక కంపెనీ వయొలిన్ ఇంకో కంపెనీ దగ్గర ట్రంపెట్ అయ్యేది. ఈ గందరగోళం తీర్చడానికి 1991లో జనరల్ మిడి అని 128 వాయిద్యాల పట్టిక ఖాయం చేశారు. మొదటిది పియానో. 56వది ఆర్కెస్ట్రా హిట్, అంటే మన ఆర్క్5 సంతతికి ఏకంగా సొంత నంబరు దక్కింది. మన దేశానికి వచ్చేసరికి 105 సితార్, 112 షెహనాయ్. వీణ లేదు, నాదస్వరం లేదు. తాళ వాయిద్యాలకు వేరే పట్టిక ఉంది, 47 ధ్వనులు. అందులో బాంగో, కాంగా, టింబాలే, మరాకాస్, గీరో, చివరికి బ్రెజిల్ వాళ్ళ కుయీకా కూడా ఉన్నాయి. తబలా, మృదంగం, డోలక్, డప్పు ఏవీ లేవు. కుట్ర అనను. ఆ కంపెనీలు జపాన్‌వీ అమెరికావీ, వాళ్ళ బజార్లో లాటిన్ పాటలు అమ్ముడుపోయేవి, మనవి కావు. కానీ పట్టికలో లేనిదానికి కీబోర్డులో చోటు ఉండదు. 1990ల్లో మన ఊళ్ళకు వచ్చిన చౌక కీబోర్డులు చాలావాటిలో స్ట్రావిన్‌స్కీ దెబ్బ ఉంది, పక్క వీధిలో మోగే డప్పు లేదు.

సినిమావాళ్ళకు ఈ బాధ అంతగా తగల్లేదు. ఇళయరాజా 1986లోనే ‘పున్నగై మన్నన్’ కోసం కంప్యూటర్‌తో పాట కట్టారు. తెలుగులో అది ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. రాజ్–కోటి బాణీల్లో కీబోర్డు ధ్వనులు కావలసినన్ని. అయినా అసలు తబలా, అసలు డోలక్ కావాలంటే మద్రాసు స్టూడియోలో వాయించేవాళ్ళు కబురంత దూరంలో ఉండేవారు. తుని స్టేజీ మీద ఆ పాట మళ్ళీ వినిపించాల్సిన కుర్రాడికి ఆ వీలు ఎక్కడిది?

అతన్ని ఆదుకున్నది రోలాండ్ వాళ్ళదే, పుల్లలతో కొట్టే ఆక్టాప్యాడ్ అనే పెట్టె. 1985లో మొదటిది వచ్చినప్పుడు దానికి సొంత గొంతు లేదు, ఇంకో యంత్రాన్ని తట్టి లేపేదంతే. 1990ల చివర్లో వచ్చిన ఎస్పీడీ-20లో 700 ధ్వనులు కంపెనీయే నింపి ఇచ్చింది, వాటిలో తబలా కూడా ఉంది. మన దేశంలో ఆ మోడల్ ఎంత పాతుకుపోయిందంటే, ఇరవై ఏళ్ళు దాటాక రోలాండ్ అదే పేరు చివర ప్రో తగిలించి మళ్ళీ తెచ్చింది. అయినా అవి కంపెనీవాళ్ళు ఇచ్చిన ధ్వనులే. మన దగ్గర రికార్డు చేసిన తప్పెటగుళ్ళ మోతను అందులోకి ఎక్కించే దారి లేదు. ఎస్పీడీ-ఎస్ఎక్స్‌లో ఆ దారి ఉంది. ఫోన్లో రికార్డు చేసినా సరే, వేవ్ ఫైల్‌గా మార్చి ప్యాడ్ మీద వదలొచ్చు. నా దృష్టిలో ఉత్తరాంధ్ర పాటల పార్టీలకు అసలైన మలుపు ఇదే. పట్టిక రాసే హక్కు కంపెనీ చేతిలోంచి వాయించేవాడి చేతికి వచ్చింది.

పట్టిక చేతికొస్తే మనుషులేం చేస్తారో చెప్పే ముచ్చట ఒకటి ఐరోపాలో ఉంది. 1987లో జర్మనీ కుర్రాడు కార్‌స్టెన్ ఒబార్స్కీ అమీగా కంప్యూటర్ కోసం శాంపిళ్ళతో పాట కూర్చే సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రాం రాశాడు. ఆ బాటలో స్థిరపడిన మాడ్ ఫైళ్ళలో శాంపిళ్ళ పేర్లకు 31 వరుసలుంటాయి, వరుసకు 22 అక్షరాలు. పాటకు పది ధ్వనులు చాలితే మిగతా వరుసలు ఖాళీ. ఆ ఖాళీల్లో కుర్రాళ్ళు స్నేహితులకు పలకరింపులు, పోటీవాళ్ళకు చురకలు రాసుకున్నారు. పాట ఇచ్చిపుచ్చుకుంటే ఉత్తరం కూడా చేరేది. ధ్వనుల జాబితా కంటే ఆ కబుర్లు చదవడానికే ఫైల్ తెరిచినవాళ్ళుంటారని నా అనుమానం.

మనవాళ్ళ జాబితాల్లో కబుర్లుండవు, కంగారు ఉంటుంది. ప్యాడ్ తెరకు తెలుగు రాదు కాబట్టి అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. డప్పు1, డప్పు2, డప్పు కొత్తది, డప్పు ఫైనల్, డప్పు ఫైనల్ 2. వీటిలో ఏది పెళ్ళిలోది, ఏది జాతరలోది అంటే గుర్తుండదు, కొట్టి చూడాల్సిందే. అక్షరాల వరుసలో పేర్చే కంప్యూటర్లతో ఇంకో తంటా. 1 తర్వాత 10 వస్తుంది, 2 తర్వాతెప్పుడో వస్తుంది. అందుకే ఆరితేరినవాళ్ళు 001, 002 అని మూడంకెలతో మొదలుపెడతారు, తర్వాత వాయిద్యం, దెబ్బ తీరు, చివర్న పాట పేరులో మొదటి ముక్క. పన్నెండు అక్షరాలకు మించి పేరు పట్టని ఆకాయ్ ఎస్1000 కాలంలో స్టూడియోవాళ్ళు నేర్చుకున్న పొదుపు ఇదే. పాయకరావుపేటలో ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

ఈ మధ్య కొత్తరకం మేనేజర్లు వచ్చాయి. పేరు చూడవు, ధ్వనినే విని పోలికలున్నవాటిని పక్కపక్కన పెడతాయి. 2019లో స్వీడన్ వాళ్ళు తెచ్చిన ఎక్స్ఓ అయితే డ్రమ్ము ధ్వనులన్నిటినీ తెర మీద చుక్కలుగా పరిచేస్తుంది. కిక్కు ఒక మూల, స్నేర్ ఒక మూల. బాగానే ఉంది, కానీ ఆ మూలలు డ్రమ్ సెట్‌ను చూసి గీసినవి. డప్పును ఏ మూలకు నెడుతుందో దాని ఇష్టం. జనరల్ మిడి దగ్గర పడిన మెలికే మళ్ళీ పడుతోందని నాకనిపిస్తుంది, ఈసారి నంబరు బదులు చుక్క.

దానికంటే నన్ను గుచ్చేది వేరే ఉంది. ప్యాట్రన్లు, టోన్లు అనే పేరుతో ఇప్పుడు శాంపిళ్ళ మూటలు వాట్సాప్‌లో, పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారుతున్నాయి. వందకో ఐదొందలకో ఒక మూట. అందులో డప్పు ఎవరు కొట్టారు? ఏ వీధి దళమో, ఏ ఊరి జాతరో? మన 1957 కాపీరైట్ చట్టం 38, 38ఏ సెక్షన్లు ప్రదర్శించే కళాకారుడికి 50 ఏళ్ళ హక్కు ఇస్తాయి, అతని వాయింపును అతని అనుమతి లేకుండా రికార్డు చేయకూడదంటాయి. వేవ్ ఫైల్లో ధ్వనితో పాటు కళాకారుడి పేరు, తేదీ, వ్యాఖ్య రాసుకునే గడులు 1991లో ఆ ఫార్మాట్ పుట్టిన నాటి నుంచీ ఉన్నాయి. డబ్బు పెట్టి కొనక్కర్లేని ఎడిటర్లలో కూడా ఆ గడులు తెరుచుకుంటాయి. పేరు కొట్టడానికి అర నిమిషం పట్టదు. నేను తెరిచి చూసిన డప్పు ఫైళ్ళలో చాలావాటిలో ఆ గడి ఖాళీ, కొన్నిట్లో మాత్రం ఆ మూట అమ్మినవాడి యూట్యూబ్ ఛానల్ పేరు.