ఫిషింగ్‌కి ఆ పేరు ఎలా వచ్చింది?

"ఈ రాత్రిలోగా కేవైసీ అప్‌డేట్ చేయకపోతే మీ అకౌంట్ బ్లాక్" అనే మెసేజ్ మీలో చూడనివాళ్లు ఉండరనుకుంటా. దాని ముత్తాత పుట్టింది 1990ల మధ్యలో, అమెరికాలో. ఇవాళ ఆ కథ.

అప్పుడు అక్కడ చాలా ఇళ్లలో ఇంటర్నెట్ అంటే ఏఓఎల్, అంటే అమెరికా ఆన్‌లైన్. ఫోన్ లైన్ మీద మోడెమ్ కీచుకీచుమంటూ కనెక్ట్ అయ్యేది. 1996 చివరిదాకా గంటల లెక్కన బిల్లు. నెలకు 9.95 డాలర్లకి 5 గంటలు, ఆపైన ప్రతి గంటకీ 2.95 డాలర్లు. రాత్రంతా చాటింగ్‌లో కూర్చునే కుర్రాడున్న ఇంట్లో బిల్లు ఎంతొచ్చేదో లెక్కేసుకోండి. మనకి రోజువారీ డేటా అయిపోతేనే ప్రాణం పోయినట్టుంటుంది!

అందుకే కొందరు దొంగదారి పట్టారు. క్రెడిట్ కార్డు నంబర్‌లో చివరి అంకె, ముందున్న అంకెల నుంచి ఒక లెక్క ప్రకారం వస్తుంది. ఆ లెక్కకి సరిపోయేలా ప్రోగ్రామ్‌తో నంబర్లు పుట్టించి అకౌంట్లు తెరిచేవాళ్లు. కార్డు నిజంగా లేదని తేలేలోపు ఫ్రీగా వాడుకోవడమే. 1995లో ఏఓఎల్ కార్డుల్ని గట్టిగా సరిచూడటం మొదలుపెట్టింది. ఆ తలుపు మూసుకుంది. దాంతో అసలు కస్టమర్ల పాస్‌వర్డ్‌ల మీద పడ్డారు.

అప్పటికే ఏఓహెల్ అనే ప్రోగ్రామ్ చేతులు మారుతోంది. రాసింది ఒక టీనేజర్. అందులో ఒక ఆప్షన్ ఉండేది: అది వాడితే చాట్‌లో ఉన్నవాళ్లకి కంపెనీ స్టాఫే పంపినట్టు మెసేజ్ వెళ్తుంది. మీ వివరాలు సరిచూడాలి, పాస్‌వర్డ్ పంపండి అని. చాలామంది పంపేశారు కూడా. గాలం వేసి కూర్చోవడమే కాబట్టి అది ఫిషింగ్. అంతకుముందు టెలిఫోన్ వ్యవస్థల్ని హ్యాక్ చేసినవాళ్లని ఫ్రీక్స్ అనేవారు, ఇంగ్లిష్‌లో 'పీహెచ్'తో రాసేవారు. ఫిషింగ్‌లోని 'పీహెచ్' అక్కడిదే. 1996 జనవరికల్లా ఈ మాట న్యూస్‌గ్రూపుల్లో కనిపిస్తోంది.

ఏఓఎల్ ఏం చేసింది? మా స్టాఫ్ ఎవరూ పాస్‌వర్డ్ అడగరు అని చాట్ విండోలోనే ఒక లైన్ పెట్టింది. ముప్పై ఏళ్లయినా మన బ్యాంకులు ఎస్సెమ్మెస్‌లో పంపేది ఇంచుమించు ఆ లైనే. అది సరిపోదని నా అభిప్రాయం. ఎందుకంటే దొంగ ఆ హెచ్చరికనే ఎరగా మార్చేశాడు. 2001లో ఈ-గోల్డ్ అనే చెల్లింపుల సర్వీసు కస్టమర్ల మీద ఫిషింగ్ జరిగింది. కొద్ది నెలలకే, న్యూయార్క్ దాడుల తర్వాత, భద్రత కోసం గుర్తింపు తనిఖీ అంటూ మెయిళ్లు వచ్చాయి. భయంలో ఉన్నవాడు 'సెక్యూరిటీ' అనే మాట చూస్తే ఆగి ఆలోచించడు కదా.

తాళం బొమ్మ కథ ఇంకా విచిత్రం. అడ్రస్ పక్కన తాళం ఉంటే సైట్ సేఫ్ అని మనకి ఏళ్ల తరబడి నేర్పారు. నిజానికి ఆ తాళం చెప్పేది మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల ఉన్నది దొంగ అయితే, మీ పాస్‌వర్డ్ భద్రంగా దొంగకే చేరుతుంది! ఫిషింగ్ సైట్లన్నీ దాదాపు తాళంతోనే వస్తున్నాయని, 2023లో క్రోమ్ ఆ బొమ్మనే తీసేసింది.

మరి ఏం చూడాలి? అడ్రస్‌లో మొదటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి వెనక్కి చదవండి. ఓనర్ ఎవరో తెలిసేది ఆ చివరి ముక్కలోనే. ఎడమ పక్కన బ్యాంకు పేరు ఎవడైనా పెట్టుకోగలడు. అందుకే 2025లో ఆర్బీఐ మన బ్యాంకులన్నిటినీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అడ్రస్‌లకి మారమంది. 'బ్యాంక్'కి ముందు డాట్ ఉండాలి. గీత ఉన్నా, ముందు మాటకి అతుక్కుని ఉన్నా అది వేరేవాడిది కావచ్చు, ఎందుకంటే ఆ పేర్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్‌తో వచ్చే పేర్లు మాత్రం ఒక్క ఐడీఆర్‌బీటీయే ఇస్తుంది, అదీ బ్యాంకులకే. ఆ ఆఫీసు ఎక్కడో కాదు, హైదరాబాద్‌లో మన మాసబ్ ట్యాంక్‌లోనే ఉంది.